ఎస్తేరు చేతి జంబలాయా

కరతొడుగు బిగుసుకోగానే భ్రమరాంబ చేతులు ఎస్తేరు చేతులైపోయాయి. ఉల్లిపాయలు, సెలెరీ కాడలు, కాప్సికం ఎస్తేరు తరిగినంత సన్నగానే తెగాయి. కత్తి దించే ముందు మణికట్టు కాస్త విదిలించడం ఎస్తేరుకి అలవాటు. ఆ విదిలింపు కూడా పూటపూటా భ్రమరాంబ మణికట్టులోకి వచ్చేది. వచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

కాకినాడ తీరానికి దూరంగా తేలే ఆ నగరంలో పొయ్యిలన్నిటికీ ఒకటే మూలహస్తం. ఒకరు ఒక్కసారి వండుతారు. యంత్రం ఆ కదలికల్ని హస్తపటంగా పట్టుకుంటుంది. ఆ తర్వాత వంటశాలలన్నిటిలోనూ తొడుగులు వాటినే ఆడిస్తాయి. ఎప్పుడో చమురు బావుల మీద పనిచేసిన లూసియానా వాళ్లు జంబలాయా అనే ఈ కారపు కలగలుపు అన్నాన్ని ఇక్కడ అలవాటు చేసి పోయారు. అప్పట్లో అందులో కోడి, రొయ్య, పంది సాసేజీ వేసేవారట. తేలే నగరంలో జంతువులకు చోటు లేదు కనుక ఇప్పుడు పనసకాయ ముక్కలు, పుట్టగొడుగులు, రాజ్మా వేస్తున్నారు. కారం మాత్రం ఎవరూ తగ్గించలేదు.

మూలహస్తమైనవాళ్లు మళ్లీ గరిటె పట్టకూడదు, చెయ్యి మారిపోతుందని. అందుకే ఎస్తేరు భోజనశాలలో మొదటి బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చేపోయేవాళ్లు "ఏం వండావమ్మా" అని పలకరిస్తే మొహమాటంగా నవ్వుతుంది. పొగ భ్రమరాంబకు, పేరు ఆమెకు. ఆ నవ్వు చూసిన ప్రతిసారీ భ్రమరాంబ కుళ్లుకుని చచ్చేది.

"మీకో మంచి కబురండి," అన్నాడు పర్యవేక్షకుడు జోగారావు. "ఎస్తేరు గారి వంటకి తిన్నోళ్లిచ్చే రుచిమానం పడిపోతా ఉంది. ఈ సాయంత్రం భోజనానికి కూడా లేవకపోతే ఆవిడ చెయ్యి చెరిపేసి మీది ఎక్కిత్తారంట. ఆవిడేమో నాచు కడిగే గదులకి."

"నేనేం చెయ్యాలండి?"

"ఏం చెయ్యకండి. తొడుగు ఎలా ఆడిత్తే అలా వండెయ్యండి, చాలు."

భ్రమరాంబ మనసు గంతులేసింది. రుచి ఎందుకు పడిపోయిందో ఆమెకు తెలుసు. హస్తపటం పట్టిన రోజు పక్క పొయ్యి ఆమెదే. ఎస్తేరు ఎవరితోనో మాటల్లో పడి గరిటె తిప్పడం మరిచింది. ఉల్లిపాయలు అడుగంటాయి. కంగారుగా టమాటా నీళ్లు పోసి అడుగంతా గోకి కలిపేసింది. మాంసం లేని గిన్నెకు ఆ చిక్కటి రంగూ రుచీ ఆ గోకుడుతోనే వచ్చాయి. మొన్న పటాన్ని శుద్ధి చేసినప్పుడు యంత్రం ఆ మాడునూ గోకుడునూ దోషమని కత్తిరించేసింది. భ్రమరాంబ చూసి కూడా నోరు విప్పలేదు. ఎందుకు విప్పాలి?

మధ్యాహ్నం ఎస్తేరు కంచం పట్టుకుని వంటశాల కిటికీ దగ్గరకు వచ్చింది.

"అక్కా, ఇది నా వంటేనా? ఏదో పోయింది. ఏంటో తెలీట్లేదు. నా చేతిలోనే సత్తువ లేదేమో."

"నీకు నిజంగా తెలీదా?"

"తెలిత్తే చెప్పనా? పోన్లే అక్కా, ఆ పేరు నీకు రావడమే న్యాయం."

ఆ మాట భ్రమరాంబకు మింగుడుపడలేదు. గెలుపును భిక్షంలా పడేసి పోతోంది! పైగా ఎవరి మీద గెలుపు? ఇన్నాళ్లు తనను కాల్చుకు తిన్న ఎస్తేరు వేరు, యంత్రం కత్తిరించి మిగిల్చిన ఈ సగం ఎస్తేరు వేరు.

సాయంత్రం ఆమె తొడుగు విప్పి పక్కన పడేసింది. వంట మాడబోతే హెచ్చరించే మాడుకాపరి దీపం పొయ్యి మీద ఎర్రగా మెరిస్తే నొక్కి ఆపేసింది. ఉల్లిపాయలు అడుగంటేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. జోగారావు పరుగెత్తుకొచ్చేసరికి ఆమె టమాటా నీళ్లు పోసి అడుగు గోకుతోంది. కమ్మటి ఘాటు భోజనశాల దాకా పాకింది.

వడ్డన సగంలో ఉండగానే రుచిమానం ఎన్నడూ లేనంత పైకి లేచింది. యంత్రం అడిగింది: "హస్తం గుర్తింపు కాలేదు. ఎవరి పేరు నమోదు చేయాలి?"

"మీ పేరు చెప్పెయ్యండి," అన్నాడు జోగారావు. "వండింది మీరే కదా."

భ్రమరాంబ కిటికీ అద్దంలోంచి భోజనశాలలోకి చూసింది. ఎస్తేరు తల వంచుకుని కంచం ఊడ్చేస్తోంది.

"ఆ గోకుడు ఆవిడది. గరిటె నాది. ఏ పేరూ వద్దు. రేపు ఎస్తేరును పక్క పొయ్యి దగ్గర తొడుగు లేకుండా నిలబెట్టండి."

"రెండు పొయ్యిలకి రెండు రుచులొత్తాయి కదండీ. పేరు లేకపోతే తొడుగులు కదలవు. మిగతా వంటశాలల్లో ఎవరు వండుతారు?"

"వాళ్లకీ చేతులున్నాయి కదండీ."

యంత్రం అదే ప్రశ్న మళ్లీ అడిగింది. "ఏ పేరూ వద్దన్నానుగా," అంది భ్రమరాంబ. నగరమంతా తొడుగులు ఆగిపోయాయి.

ఎస్తేరు ఖాళీ కంచంతో కిటికీ దగ్గరకు వచ్చింది. "అక్కా, ఇంకాస్త ఉందా?"

"రేపు నువ్వే వండుకో," అంది భ్రమరాంబ. "నాకంటే బాగా వండావనుకో, అప్పుడు ఏడుస్తాను."