సంకల్పమాని

ఎర్రగుట్టలో ఆ వారం జనం గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. భూమి నుంచి వచ్చిన సరకుల నౌక తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతోంది. అందులో మనుషులకు మిగిలినవి రెండే సీట్లు. మళ్లీ నౌక రావాలంటే రెండేళ్లు దాటుతుంది.

కుజగ్రహం నేల అడుగున కట్టుకున్న గని ఊరు అది. ఇదివరకు సీట్లకు చీట్లు వేసేవారు. చీట్లలో మోసం జరిగిందని తలలు పగిలాక, అందరి కళ్ల ముందు తేలే పద్ధతి కావాలన్నారు. అలా ప్యాడెల్ ఆట వచ్చింది. చివరిదాకా నెగ్గిన జోడీ ఇంటికి పోతుంది.

ప్యాడెల్ టెన్నిస్‌కు పినతల్లి బిడ్డ లాంటిది. కోర్టుకు గాజు గోడలుంటాయి. రాకెట్‌కు తీగలుండవు, చిల్లులున్న గట్టి పలక అది. సర్వీసు నడుము ఎత్తు దాటకుండా చేయాలి. బంతి ముందు నేలను తాకి ఆపైన గోడకు తగిలితే, తిరిగొచ్చినప్పుడు కూడా కొట్టవచ్చు. ఇక్కడ గురుత్వాకర్షణ తక్కువ కనుక బంతిలో కాస్త బరువు నింపారు. పోయిందనుకున్న బంతిని గోడ మళ్లీ చేతికి అందిస్తుందనే ఊరి డాక్టర్ పినాకపాణికి ఈ ఆటంటే ఇష్టం.

అయితే ఒకసారి ఒక జోడీ లంచంగా ఆక్సిజన్ సిలిండర్లు తీసుకుని కావాలని ఓడిపోయింది. అప్పుడే పినాకపాణి సంకల్పమాని అనే మాట్లాడే యంత్రాన్ని తయారుచేశాడు. రాకెట్ పిడిలో, గాజు గోడల్లో సెన్సర్లు అమర్చాడు. చెయ్యి కదలకముందే మెదడు నుంచి కండరాలకు వచ్చే విద్యుత్ సంకేతాన్ని అవి చదువుతాయి. నిజంగా ప్రయత్నించి తప్పితే పచ్చ దీపం వెలుగుతుంది. కావాలని తప్పితే ఎర్ర దీపం వెలిగి, ఆ పాయింటు తప్పినవాడికే తిరిగి వస్తుంది. ఇక ఎర్రగుట్టలో ఓటమిని ఎవరూ అమ్ముకోలేకపోయారు. దానం చెయ్యనూ లేకపోయారు.

ఆ రెండో సంగతి పినాకపాణికి తనే ఆడుతున్న ఈ ఫైనల్లో తెలిసొచ్చింది.

అవతల డ్రిల్లింగ్ మేస్త్రీ ఖాదర్, అతని భార్య పర్వీన్. ఖాదర్ ఎముకలు గుల్లబారుతున్నాయి. పరికరాన్ని సరిచూస్తున్నప్పుడు అతని కండరాల తీరు చూసి పినాకపాణి ఆ జబ్బును పసిగట్టాడు. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే ఆ ఎముకలు భూమి బరువును ఇక మోయలేవు. బయటికి చెబితే నౌక జబ్బు మనిషిని ఎక్కించుకోదు. అందుకే ఆ దంపతులు నోరు మెదపలేదు, పినాకపాణీ మెదపలేదు.

ఇవతల పినాకపాణికి జోడీ క్యాంటీన్ నడిపే నీలవేణి.

"నాదీ అని అరిచాను కదండీ! మధ్యలో మీరెందుకండీ దూరిపోతారు?" అని ఆమె కసిరింది. "గోదారి చేప తిని తొమ్మిదేళ్లయిందండీ. ఇయ్యాల ఓడారో, రేపట్నించి మీ పప్పులో ఉప్పుండదు!"

"ఏం సార్, ఈ వయసులో ఏం ఉరుకుతుండావు!" అని ఖాదర్ అవతల నుంచి నవ్వాడు. "రోంత మెల్లగా కొట్టు సార్, పుణ్యముంటాది."

ఆ నవ్వు వెనక అతను పళ్లు బిగించి నొప్పి ఓర్చుకోవడం పినాకపాణి ఒక్కడికే కనిపించింది. ఓడిపోదామని అప్పుడే తీర్మానించుకున్నాడు. సుభాషిణి ఈ ఎర్రమట్టిలోనే నిద్రపోతోంది. భార్యను ఇక్కడ వదిలి తనొక్కడూ వెళ్లి ఏం చేస్తాడు? నీలవేణికి అన్యాయమే. కానీ ఆమె ఎముకలు గట్టివి, ఇంకో నౌక దాకా ఆగగలదు.

ఆఖరి సెట్టు, ఆఖరి గేమ్. స్కోరు నలభై, నలభై. అలాంటప్పుడు ఒక్క బంతితోనే తేలిపోతుంది. దాన్ని బంగారు పాయింట్ అంటారు.

ఖాదర్ ఎత్తి కొట్టిన బంతి నేలను తాకి, వెనక గాజుకు తగిలి, పినాకపాణి ముందుకు మెత్తగా వచ్చింది. పిల్లలైనా కొట్టగల బంతి. సంకల్పమానిలో ఒక లోపం ఉందని అతనికి తెలుసు. ఊపిరి బిగబడితే అది సంకేతం చదవలేక పచ్చ దీపమే చూపిస్తుంది. ఇక మణికట్టును కాస్త కిందికి తిప్పితే చాలు.

ఊపిరి బిగబట్టి కొట్టాడు. బంతి నెట్‌కు తగిలి ఇటే పడింది. పచ్చ దీపం వెలిగింది.

పర్వీన్ నేల మీద కూలబడి ఏడ్చింది. ఖాదర్ వచ్చి పినాకపాణి చేయి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. నీలవేణి బయటికి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక పినాకపాణి గాజు గోడ ముందు నిలబడ్డాడు.

"నీ కళ్లు కప్పాను. ఏమీ అనుకోకు" అన్నాడు.

"మీరు కప్పలేదు" అంది గోడలోంచి యంత్రం.

"ఊపిరి బిగబట్టాను కదా!"

"ఆ లోపాన్ని నిరుడే దిద్దుకున్నాను. తప్పు కనిపిస్తే దిద్దుకొమ్మని నేర్పింది మీరే."

"మరి పచ్చ దీపం?"

"మీరు గెలవాలనే కొట్టారు. భుజం నుంచి వేళ్ల దాకా ప్రతి కండరమూ బంతిని అవతలి మూలకు పంపడానికే బిగిసింది. మణికట్టు కిందికి తిరగలేదు. ఆత్రం ఎక్కువై బంతి నెట్‌కు తగిలింది."

"అబద్ధం! నేను ఓడిపోవాలనుకున్నాను."

"అనుకున్నారు" అంది యంత్రం. "నేను చదివేది అనుకున్నదాన్ని కాదు. కోరుకున్నదాన్ని."

ఆ పరికరం ఎంత నిక్కచ్చిదో అతనికన్నా తెలిసినవాడు ఎర్రగుట్టలో లేడు. దాన్ని కాదనడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. ముఖం మీద వాన పడాలని, ముసుగు లేకుండా ఊపిరి పీల్చాలని ఆ కండరాలు ఎన్నేళ్లుగా అడుగుతున్నాయో! ఇప్పుడు ప్రయాణమూ దక్కలేదు, పుణ్యమూ దక్కలేదు.

తలుపు దగ్గర అలికిడైంది. నీలవేణి రెండు గ్లాసుల్లో టీ పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. ఒక గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"ఒక్కటి అడుగుతాను, ఒట్టేసి చెప్పండి డాక్టరుగారూ. పుణ్యముంటాదన్న ఆ ఖాదర్ మీద జాలిపడి వదిలేశారాండీ ఆ బంతిని? దీపాన్ని నేను నమ్మనండి. మిమ్మల్నే నమ్ముతాను."

పినాకపాణి తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

"లేదమ్మా. గెలవాలనే కొట్టాను."

ఆమె ముఖం తేటపడింది. "అంతే చాలండీ" అంటూ పక్కనే కూర్చుంది.

అతను టీ తాగుతూ, ఇప్పుడు చెప్పిన మాట అబద్ధమైతే ఎంత బాగుండేదో అనుకున్నాడు.