పెద్దల దొప్ప

“గంజిల ఉప్పేసినవ్ కదనే? నిజం చెప్పు. నా కొడుకు కండ్లు జూడు, పసుపు ముద్దల్లెక్క అయినయి.”

అంటూనే సోమమ్మ చేతిలోని గంజి ముంతను వాకిట్లోకి విసిరికొట్టింది. ఉప్పా! భర్త వెంకన్నకు కామెర్లు సోకినప్పటి నుంచీ ఉప్పుకుండ మూత తీసిన పాపాన పోలేదు బుల్లమ్మ. ఆయన నోటికి లేని రుచి తనకెందుకని తానూ చప్పిడి కూడే తింటోంది. ఆ సంగతి అత్తకు తెలియదు. చెప్పినా నమ్మే స్థితిలో లేదు...

బస్తరు రాజ్యంలో మద్దేడు చుట్టుపక్కల కామెర్లకు చేసే వైద్యమంతా ఆ ఇంట్లో అయిపోయింది. వెంకన్న మణికట్టు మీద వాత పెట్టించారు. నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి తాగించారు. అప్పటికీ తగ్గకపోతే బుల్లమ్మే పట్టుబట్టి, బండి కట్టించి భోపాలపట్నం దవాఖానాకు తీసుకెళ్లింది. కాంపౌండరు ఆయన కుడి డొక్క కింద వేళ్లతో నొక్కి చూశాడు. వెంకన్న బాధతో మెలికలు తిరిగిపోయాడు.

“కార్జం వాచింది. ఈ మందు పొయ్యండి, చప్పిడి కూడు పెట్టండి. సారా మాత్రం చుక్క గూడ ముట్టొద్దు. ముడితే నా మందు పన్జెయ్యది, మనిషి దక్కడు” అన్నాడతను.

ఆ మాటను బుల్లమ్మ కొంగున ముడి వేసుకుంది. ఇంట్లో ఉన్న సారా కుండను పక్కింటివాళ్లకు ఇచ్చేసింది కూడా! అయినా ఏం లాభం? పచ్చదనం తగ్గలేదు సరికదా, ఇప్పుడు కాళ్లకు నీరు పట్టింది, పొట్ట ఉబ్బడం మొదలైంది. పథ్యం చెడగొడుతున్నది కోడలేనని సోమమ్మ తేల్చేసింది. కోడలంటే అంత అలుసు మరి, తప్పు వెతకాలంటే ముందు ఆమె చేతులే కనిపిస్తాయి!

“పుట్టింటికి పో. నా కొడుకును నేనే బాగుచేసుకుంట. ఉంగా, బండి కట్టు” అని పాలేరును కేకేసింది సోమమ్మ.

బుల్లమ్మ బతిమాలింది, కాళ్లు పట్టుకుంది. అత్త కరగలేదు. తాను వెళ్లిపోతే వేళకు మందు పోసేదెవరు? కడసారి చూపు ఇదేనేమో... మందు ఎప్పుడెప్పుడు పోయాలో భర్తకైనా చెప్పి వెళ్దామని లోపలికి నడిచింది.

వెంకన్న ఆమెను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుల్లమ్మ పక్కన కూర్చుని నుదుటి మీద చేయి వేసింది. అప్పుడు తగిలింది ఆ వాసన... ఇప్పసారా! తల తిప్పి చూస్తే మూలన, చనిపోయినవాళ్లు కొలువుంటారని నమ్మే పెద్దల కుండ ముందు నేల తడిగా ఉంది. పక్కనే మోదుగాకు దొప్ప, దాని అడుగున ఇంకా చెమ్మ.

ఆమెకు అంతా అర్థమైంది. ఇప్పపూలు రాలే కాలంలో కాచిన తొలి సారాను పెద్దల కుండ ముందు ధారపోసి, దొప్పలో మిగిలినది ఇంటి పెద్దకొడుకు తాగడం ఆ ఇంటి ఆచారం. ఏడాదికొక్కసారి జరగాల్సిన ఆ తంతు ఇప్పుడు చాటుగా జరుగుతోంది!

“ఎన్నాళ్ల సంది తాగుతున్నవ్?” మూలకు చూపిస్తూ అడిగింది బుల్లమ్మ.

“అవ్వ రోజూ నాయిన పేరు చెప్పి ఇస్తది. ఎట్ల కాదంటనే...”

“ఉప్పేసిన్నని నన్ను తిడుతుంటే ఇనుకుంటనే పన్నవ్. ఒక్క మాట జెప్పకపోతివి.”

వెంకన్న పచ్చటి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన రోగం కన్నా ఆ మౌనమే ఎక్కువ కోసింది బుల్లమ్మను. కానీ ఏడుస్తూ కూర్చునే సమయం కాదది. దొప్ప తీసుకుని వాకిట్లోకి వచ్చింది.

“నేను బండెక్క అత్తా. ఇది ఆయన కార్జాన్ని తింటున్నది. ఇది ఆపిందాక నన్ను నరికినా పోను.”

సోమమ్మ ముఖం కందగడ్డలా అయింది. “అది సారా కాదే. పెద్దలు ముట్టింది. వాళ్ల నాయిన దీవెన. ఆచారం తప్పితే నా కొడుకు బతుకుతడా?”

“కార్జానికి అది తెల్వదు అత్తా. దానికి సారా సారానే.”

“నోర్ముయ్!” చేయెత్తింది సోమమ్మ. ఎత్తిన చేయి గాలిలోనే ఆగిపోయింది. గడపలో కూలబడింది.

“మీ మామకు గూడ గిట్లనే అయింది పిల్లా... కండ్లు పచ్చబడ్డయి, కడుపు ఉబ్బింది. ఎవరో చేతబడి చేసిండ్రన్నరు. పోయిందాక ఈ చేతులతోటే దొప్ప అందించిన. నువ్వు చెప్పింది నిజమైతే నేనేంది మరి? నా మొగున్ని నేనే...”

బుల్లమ్మ కోపమంతా నీరుగారిపోయింది. ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది మొండితనం కాదు, భయం! ఆ భయాన్ని ఆ తల్లి ఎన్నేళ్లుగా ఒంటరిగా మోస్తోందో...

అత్త పక్కన చతికిలబడి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. “మామకు అప్పుడు చెప్పెటోళ్లు లేరు. నీకు తెల్వదు, ఆయనకూ తెల్వదు. ఇయ్యాల మనకు తెలిసింది. తెలిసినంక గూడ పోస్తేనే తప్పు.”

సోమమ్మ లేచి, కొంగు మాటున దాచిన సీసా తీసింది. పెద్దల కుండ ముందు నిలబడి చివరి చుక్క దాకా నేల మీద వంచేసింది.

“కొడుకు వాటా గూడ నువ్వే తాగు” అంది కుండతో, భర్తే అందులో ఉన్నట్టు. “వాన్ని మాత్రం నాకు ఇడిసిపెట్టు.”

వెంకన్న పక్క మీది నుంచే చేతులు జోడించాడు, తండ్రికో, తల్లికో, భార్యకో!

వాపు తగ్గుతుందో లేదో, ఆలస్యమైపోయిందో ఏమో ఎవరికీ తెలియదు. ఉంగ ఎడ్లను విప్పేశాడు. సోమమ్మ విసిరికొట్టిన ముంతను తానే ఏరి తెచ్చి, కడిగి, పొయ్యి మీద మళ్లీ గంజి పెట్టింది. కాసేపటికి ఆమె తల తిప్పి, కొత్తకోడలిలా తడబడుతూ అడిగింది.

“ఇగ దించాల్నా బుల్లమ్మా?”