గిన్నె కడిగిందెవరు?

నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుల పాత క్వార్టర్ల చివరి లైను వైపు పొద్దుగూకాక ఎవరూ పోరు. కూలగొట్టడానికని గుర్తులు వేసి వదిలేసిన ఇళ్లవి. కరెంటు తీసేశారు. తలుపులు ఎవరు పీక్కుపోయారో తెలియదు. అందులో ఆఖరి ఇంట్లో చీకటి పడితే ఏదో మసక వెలుతురు కదులుతోందని ఆ మధ్య పుకారు పుట్టింది. మేకలు కాసేవాళ్లు చూశారట... పాలుపోసే ఆమె చూసిందట... చూడనివాళ్లే ఎక్కువ చెప్పారనుకోండి.

ఆ మాట విని ఊరంతా భయపడితే, సత్తమ్మ గుండె మాత్రం వేరేగా కొట్టుకుంది. ఒకప్పుడు ఆమె కాపురమున్న ఇల్లది.

ఆమె భర్త మొండయ్య బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. క్వార్టరు తాళంచెవి అప్పగించిన రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చిన మనిషి. శివరాత్రి వెళ్లాక పోయాడు. మూడోనాడు పిట్టకు పెట్టారు. మటన్ కూర, గారెలు, ముంతలో కల్లు... ఆయనకిష్టమైనవన్నీ ఇస్తరాకులో వడ్డించి, చుట్టాలంతా ఎండలో నిలబడి కాకి కోసం చూశారు. కాకులు వచ్చాయి. చెట్టుమీద కూర్చున్నాయి. ఒక్కటంటే ఒక్కటీ కిందికి దిగలేదు.

పిట్ట ముట్టలేదంటే, పోయిన మనిషి ఆకలి తీరలేదన్నమాటే. ఆనాటి నుంచి సత్తమ్మకు ముద్ద దిగడం లేదు.

అందుకే పుకారు వినగానే అనుకుంది — ఆయనే. ఆ ఇల్లు వదిలి ఎటు పోతాడు?

ఆ సాయంత్రమే చింతచిగురు వేసి మటన్ వండింది. గిన్నెలో అన్నం, కూర సర్ది, ఎవరికీ చెప్పకుండా వెళ్లి ఆ ఇంటి గడపమీద పెట్టింది. "తిను..." అని గొణిగి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

తెల్లారి వెళ్లి చూస్తే గిన్నె ఖాళీ!

సత్తమ్మ అక్కడే కూలబడి సంతోషంతో ఏడ్చింది. గిన్నె చేతిలోకి తీసుకున్నాక గానీ అనుమానం మొదలవలేదు. గిన్నె తళతళలాడుతోంది. సబ్బు వాసన వస్తోంది.

మొండయ్య... గిన్నె కడగడమా?

ఇన్నేళ్ల కాపురంలో తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిన మహానుభావుడు. పోయాక బుద్ధొచ్చిందనుకుందామంటే సత్తమ్మకు నమ్మకం కుదరలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ అంతే — ఈసారి కడిగి, బోర్లించి, పైన ఒక మోదుగ పువ్వు కూడా పెట్టి ఉంది. బతికుండగా మూరెడు మల్లెలు తెచ్చిన పాపాన పోలేదు ఆయన. అనుమానం ముదిరింది.

ఇక ఆగలేక మరిది కైలాసానికి చెప్పింది.

"దెయ్యం పూలు పెడ్తదా వదినె? ఎవడో దొంగోడు. ఇనుపసామాన్లు పీకుతందుకు వచ్చి పండుకుంటుండు. నీ మటన్ దిని మస్తుగ బలుస్తుండు," అన్నాడు కైలాసం.

"అంటే మీ అన్న తిననట్టేనా?"

కైలాసం లేచి కట్టె అందుకున్నాడు.

ఇద్దరూ వెళ్లేసరికి చీకట్లు ముసురుకుంటున్నాయి. ఆఖరి ఇంటి కిటికీలో వెలుతురు... కదిలింది... ఆగింది.

"జర ఆగు వదినె," అన్నాడు కైలాసం. దొంగోడన్న గొంతు అప్పటికే సన్నబడింది. గడప పక్కన చక్రం ఊడిన సైకిలు. లోపల ముందుగదిలో చిన్న గుడారం. అందులోనే దీపం. సర్రున ఏదో చీరినట్టు చప్పుడైంది... గుడారంలోంచి తెల్లటి ముఖం, ఎర్రటి గడ్డం బయటికొచ్చాయి.

కైలాసం కట్టె పారేసి వదినె వెనక నక్కాడు.

"నమస్తే," అంది ఆ ముఖం.

దెయ్యం కాదు, మనిషే. అతను ఫోనులో ఏదో మాట్లాడి వీళ్ల వైపు తిప్పితే, ఫోను వార్తలు చదివినట్టు తెలుగులో చెప్పింది. అతనిది పోలండ్ దేశమట. సైకిలు మీద దేశాలు తిరుగుతున్నాడట. లాడ్జీల జోలికి పోడు. బడి వరండాలు, బస్టాపులు, జమ్మికుంటలో పత్తి యార్డు షెడ్డు — చీకటి పడ్డచోటే పడక. ఇక్కడికొచ్చాక చక్రం విరిగింది. కొత్తది కరీంనగర్ నుంచి రావాలి. అందాకా ఈ ఖాళీ ఇల్లు. గడపమీద అన్నం కనబడితే, ఊరివాళ్లు అతిథికి పెట్టారనుకున్నాడు.

సత్తమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరాయి దేశంలో ఆకలిగొన్నవాడు తిన్నాడు, మంచిదే. కానీ ఆయన? ఆయన ఇంకా పస్తే కదా...

"మా ఇంటాయన కోసం పెట్టిన బిడ్డా. ఆయన తినకపాయె. నువ్వన్నా తింటివి," అంది. ఆమె మాట ఫోనుకు ఒక పట్టాన అందలేదు. రెండోసారి నిదానంగా చెప్పాల్సి వచ్చింది.

అతను తలూపి, మళ్లీ ఫోనులో మాట్లాడాడు.

"నేను మొత్తం తినలేదు అమ్మా," అంది ఫోను. "ఖాళీ ఇంట్లో నాకంటే ముందు ఎవరైనా ఉంటే, దొరికినదానిలో సగం వారికి ఇవ్వడం నా అలవాటు. వెనుక గదిలో ఉన్న పెద్దాయనకు రెండుసార్లూ సగం పెట్టాను."

కైలాసం వెనక గదిలోకి టార్చి వేశాడు. ఖాళీ. కిటికీకి ఇటుకలు పేర్చి మూసేశారు. ఈ ముందుగది దాటకుండా అందులోకి మనిషి వచ్చే దారే లేదు.

"ఎవడు... ఎట్లుంటడు?"

"ముఖం చూడలేదు. వారు చీకట్లోనే ఉంటారు. తినేటప్పుడు దగ్గుతారు."

ఫోను చాలదనుకున్నాడేమో, అతనే దగ్గి చూపించాడు. గొంతులో మొదలై, మధ్యలో ఆగి, ఈల వేసినట్టు ముగిసే దగ్గు. బాయి దగ్గు ఆ లైనులో ఇంటింటికీ ఉండేదే... కానీ చివరన ఆ ఈల ఒక్క మొండయ్యకే ఉండేది.

కైలాసం ఎప్పుడు పరుగందుకున్నాడో ఎవరూ చూడలేదు.

సత్తమ్మ కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చీకటి గది వైపే చూస్తూ అడిగింది.

"ఆయనకు కడుపు నిండిందా బిడ్డా... సగమే పెడ్తివి గద?"