నాలుగు డిస్కులు, ఒక్క వేలి కుంకుమ

వరద తీసి ఇరవై రోజులైనా కర్నూల్లో ఆ ఇంటి మిద్దె మీద సామాన్లు ఇంకా ఆరుతూనే ఉన్నాయి. వెంకటలక్ష్మమ్మ పొద్దున్నే పీటలు, బొంతలు తిరగేసి, కోడలు శ్రీవాసవి ఆల్బం దగ్గర ఆగిపోయింది. పేజీలు అట్టకట్టాయి. రాయచోటి బట్టల కొట్లో మీటరు కడ్డీ పట్టుకుని నవ్వుతున్న శ్రీవాసవి తల్లి ఫోటో అందులోనే ఉండేది. ఆ తల్లి పోయి తొమ్మిదేళ్ళు. ఇప్పుడక్కడ బురద మరకే తప్ప ముఖం లేదు.

“కాగితం పోతే పోనీలే అత్తా. అన్నీ పెట్టెలో ఉండాయి కదా,” అని కోడలు మొదట్లో ధైర్యంగానే ఉంది. మేడగదిలోని ఆ నల్ల పెట్టెలో సొరుగుల్లాగా నాలుగు డిస్కులు. ఇంట్లోని ఫోటోలన్నీ కంప్యూటరుకెక్కించి దాచింది వాటిలోనే. కానీ కరెంటు తిరిగొచ్చి, స్విచ్చి వేసిన రోజే పెట్టె టప్పుమని ఆరిపోయింది.

అప్పటినుంచి వెంకటలక్ష్మమ్మకు ముద్ద దిగడం లేదు. ఆయుధపూజ నాడు కుట్టుమిషను, స్కూటరుతో పాటు ఆ పెట్టెకూ పూజ చేసింది ఆమే. స్విచ్చి ఆపి, డిస్కులు నాలుగూ బయటికి లాగి, తుడిచి బొట్లు పెట్టింది. తర్వాత బొట్లు తుడిచేసి, చేతికందినది అందిన సొరుగులో తోసేసింది. పండగ అయ్యీ కాకముందే వానలు, వాటి వెంటే వరద. పెట్టె సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ పూట రిపేరు చేసే జ్ఞానేశ్వర్ వచ్చి డిస్కులను తన కంప్యూటరుకు తగిలించి చాలాసేపు చూశాడు.

“ఒక్కో ఫోటోను ముక్కలు చేసి నాలుగిట్లో వరసగా దాస్తాది ఈ పెట్టె. దాని బోర్డు కాలింది. డిస్కులు తిరుగుతాండాయి గానీ ముక్కలు అతుక్కోవడం లేదు. ఏదో ఒకటి లోపల చెడినట్లుండాది. బెంగళూరుకు పంపి విప్పించాల. విప్పినాక వస్తే వచ్చినట్లు, లేకుంటే లేదు. ఎవురన్నా తీసి మార్చి పెట్టినారా?”

“నేను తప్ప ఎవురు ముడతారప్పా?” అన్నాడు కొడుకు ప్రదీప్‌కుమార్. “మాయమ్మకు దాని స్విచ్చి యాడుండాదో కూడా తెలీదు.”

వెంకటలక్ష్మమ్మ తల దించుకుంది. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు పసుపు డబ్బా చోటు మార్చిందని, “నా వంటింట్లో వరస తప్పించేదానికి నువ్వెవురు?” అని అరిచిన మనిషి తనే. ఇప్పుడు ఏ నోటితో చెప్పాలి?

జ్ఞానేశ్వర్ డిస్కులను గుడ్డలో చుడుతున్నాడు. శ్రీవాసవి ఆ మూట వైపే రెప్పవేయకుండా చూస్తోంది.

“ఆగు నాయనా. పంపొద్దు,” అంది వెంకటలక్ష్మమ్మ. “పూజకని నేనే తీసినా. యాడిది యాడ పెట్టినానో నాకే తెలీదు.”



“ఇన్ని దినాలు చెప్పకుండా ఎట్లుంటిరి అత్తా?” అంది శ్రీవాసవి అత్త వైపు తిరిగి. “ఆ ఆల్బం ముందర కూర్చొని నేను ఏడుస్తాంటే చూస్తానే ఉంటిరి కదా!”

“భయమైంది వాసవీ. మీయమ్మను నా చేతులతోనే ఇంకోతూరి పోగొట్టినా అనుకున్యా.”

కోడలు ముఖం తిప్పుకుంది. జ్ఞానేశ్వరే అందుకున్నాడు. “మారినాయని తెలిసింది, అదే శానా మేలు. ఇరవైనాలుగు రకాలుగా పేర్చి చూడొచ్చు. వరస ఏమన్నా గుర్తుందా పెద్దమ్మా?”

ఆమె కళ్ళు మూసుకుంది. “ఎడంపక్క నుంచి ఒక్కోటే తీసి బొట్టు పెట్టుకుంటా పోయినా. తడి కుంకుమలో వేలు ఒక్కసారే అద్దినా.”

అతను మూట విప్పి డిస్కులను వెలుతురుకు పట్టుకున్నాడు. వాటి మీది కాగితాలపై తుడిచినా పోని ఎర్రటి మరకలు. “తుప్పనుకున్యానే!” అన్నాడు. ఒకదాని మీద చిక్కటి మరక, తర్వాతది పలచన, మూడోది ఇంకా పలచన, చివరిదాని మీద ఉందో లేదో అన్నంత. ఆ వరసలోనే తగిలించాడు.

మధ్యాహ్నానికి తెర మీద ఫోటోలు ఒక్కొక్కటే రాసాగాయి. పాపిట, బొట్టు, నవ్వు, చేతిలో మీటరు కడ్డీ. శ్రీవాసవి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కింది. ఆమె రెండో చేయి వెతుక్కుంటూ వచ్చి అత్త మణికట్టును పట్టుకుంది.

“బోర్డు కాలింది కరెంటుకు పెద్దమ్మా, మీ పూజకు కాదు,” అన్నాడు జ్ఞానేశ్వర్.

“వచ్చే దసరాకు కూడా మీరే బొట్లు పెట్టండత్తా,” అంది శ్రీవాసవి కళ్ళు తుడుచుకుంటూ. “నంబర్లేసి నేను అందిస్తా.”

సాయంత్రం వెంకటలక్ష్మమ్మ పొయ్యి వెలిగించింది. వరద బురద కడిగాక కోడలు సర్దిన అలమరలో పసుపు డబ్బా ఉప్పు చోట ఉంది. చిటికెడు తీసి పప్పులో వేసి, డబ్బాను మళ్ళీ అక్కడే పెట్టింది.