శనివారం ఉప్మా

1986 మార్చి. గుంటూరు ఆఫీసులో చీఫ్ రాధాకృష్ణమూర్తి ఫైలు మూసి ఏజెంట్ త్యాగరాజు వైపు చూశాడు.

"రాడార్ నక్షాల ఫిల్మ్ రేపు పొద్దున అద్దంకి దగ్గర చేతులు మారుతుంది. మద్రాసు చేరిందంటే ఇక దేశం దాటినట్టే. అక్కడ మన మనిషి రాజరాజేశ్వరి. కోడ్ 'తాలుకాయ', అదే రంగు పోయిన మిరపకాయ."

"మా అన్నకు ఆఖరిసారి టిఫిన్ పెట్టిందీ ఆవిడే సార్."



అన్న అనంతపద్మనాభమూ ఏజెంటే. రెండేళ్ల కిందట ఎవరినో తరుముతూ మిరప కల్లంలో కూలిపోయాడు. ఒళ్లంతా దద్దుర్లు, ఉబ్బిన పెదవులు, అందని ఊపిరి. కల్లంలో వాళ్లంతా మిరప ఘాటన్నారు. విషం దొరకలేదు గనక డాక్టర్లూ సరేనన్నారు. ఆ రోజు వెనకే ఉన్న త్యాగరాజుకు అన్న చెప్పుల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

మొన్ననే డాక్టరు కోటిరత్నం అసలు సంగతి చెప్పింది. "కొందరికి గోధుమ తిన్నా ఏం కాదండి, పరిగెత్తినా ఏం కాదు. తిని పరిగెత్తితేనే ప్రాణం మీదికొస్తుంది. చిన్నప్పుడు పూరీలు తిని కబడ్డీ ఆడితే మీకూ దద్దుర్లొచ్చాయన్నారుగా. జాగ్రత్త."

శనివారం ఆ అన్నదమ్ములు అన్నం ముట్టరు, గోధుమ టిఫినే. అది తెలిసినవాళ్లకు విషం కొనే పనిలేదు.

మర్నాడు శనివారం. మిర్చి బేరగాడి వేషంలో, భుజాన ఎర్ర తువ్వాలుతో అద్దంకి దగ్గర దిగాడు త్యాగరాజు. కల్లం పక్కన, రోడ్డు మీదికున్న పెంకుటింటి అరుగు మీద నైలాన్ చీరలో, నల్ల కళ్లద్దాలతో కూర్చుని ఉంది రాజరాజేశ్వరి.

"తాలుకాయ ఉందాండీ?"

"మీకోసమే ఏరి పెట్టా." నవ్వింది. "శనివారం కదా, గోధుమరవ్వ ఉప్మా చేయించాను. మీ అన్నగారికీ ఇదంటే ఇష్టం."

వద్దంటే ఆవిడకు అనుమానం వస్తుంది. ఫిల్మ్ బయటికి రాదు. త్యాగరాజు ప్లేటు ఖాళీ చేశాడు.

చెయ్యి కడుక్కుంటుండగానే కల్లంలోంచి ఒకడు లేచి, సంచి చంకన పెట్టుకుని పరిగెత్తాడు.

"వాడేనండీ, బుల్లయ్య. ఫిల్మ్ వాడి దగ్గరే ఉంది. పరిగెత్తండి, పోతాడు."

త్యాగరాజు కాళ్లు లేవబోయాయి. మణికట్టు దగ్గర దురద మొదలైంది. చెవుల్లో అన్న చెప్పులు టపటపా కల్లం అంచుదాకా వెళ్లి ఆగిపోయాయి. అతను అరుగు మీద చతికిలబడ్డాడు.

"కూర్చున్నారేంటి?"

"అరగనివ్వండి. తొందరేముంది."

ఆవిడ నవ్వు పోయింది. తనను పరిగెత్తించాలని ఎవరికి ఉందో ఫిల్మ్ వాళ్ల దగ్గరే ఉంటుందని త్యాగరాజు లెక్క.

ఒంగోలు బస్సు వచ్చి ఆగింది. హ్యాండ్‌బ్యాగు తీసుకుని ఆవిడ గబగబా నడిచింది. అతనూ లేచి మెల్లగా నడిచాడు. ఎప్పుడూ పరిగెత్తే ఆ చెప్పుల చప్పుడు, ఈసారి పక్కనే నడుస్తూ వచ్చింది.

కండక్టరు "రైట్" అనబోయేంతలో, ఫుట్‌బోర్డు కడ్డీ పట్టుకున్న ఆవిడ చేతికి బేడీ పడింది. హ్యాండ్‌బ్యాగులో పౌడరు డబ్బా అడుగున ఫిల్మ్ ఉంది.

మధ్యాహ్నం ఫోన్లో చీఫ్ అడిగాడు. "ఆ బుల్లయ్యను వదిలేశావేమయ్యా?"

"వాడు పొద్దున అన్నం తిన్నాడు సార్. ఉప్మా తిన్న నేను అందుకోలేను."