పన్నెండు దాకా ఆమెన్ వద్దు

"శాంటా క్లారా తెలుగు చర్చిలో ఆమెన్‌కి శాపం పెట్టారు," అన్నాడు చీఫ్, నవోమి చెవి జూకాలోంచి. "సభంతా ఒక్కసారి ఆమెన్ అందంటే అందరి నోళ్లూ పడిపోతాయి. పన్నెండింటికి ఆ శాపం ఎక్స్‌పైర్ అవుతుంది."

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. 1944లో ఎవరో తొలి మంత్రం పేల్చాక తుపాకులు మూలపడ్డాయి. ఇప్పుడు కాలిఫోర్నియా తీరానికి కాపలా షీల్డ్ మంత్రమే. దాన్ని షిఫ్టుల్లో చదివే ఇంజనీర్లలో సగం మంది ఈ చర్చివాళ్లే, నవోమి భర్త ఎవాన్‌తో సహా. వాళ్ల గొంతులు పోతే సాయంత్రానికి తీరం బూడిదే. ఇంత తెలిసీ హెడ్ ఆఫీస్ ఒక్క ఏజెంట్‌ని పంపింది. మహా మేధావులు!

"శాపం పెట్టింది మన ఆఫీస్ జోసఫినే, డబుల్ ఏజెంట్. అనుమానం వస్తే ఆ శాపం దాచిన ఉంగరం పగలగొడుతుంది. అప్పుడు అందరి ప్రాణాలూ పోతాయి. ఎవరినీ వార్న్ చెయ్యకు," అన్నాడు చీఫ్.

జోసఫిన్ రెండో వరసలో ఉంది. పట్టుచీర, ఎర్ర లిప్‌స్టిక్, తలమీద కొంగు. ఈ చర్చికి రావడం ఇదే మొదలు. ముఖం నిండా పొగరు.

పదకొండూ ఇరవైకి పాస్టర్ వినయ్ కుమార్ బైబిల్ మూశాడు. ఆయన ముగింపు ప్రార్థన రెండు నిమిషాలు దాటదు. నవోమి లేచింది.

"పాస్టర్ గారూ, ఇవాళ కృపావరం అంకుల్ ప్రార్థన చేస్తే బాగుంటుందండీ."

సభ ఉసూరుమంది. హ్యాండ్‌బ్యాగులు భుజాన వేసుకున్న ఆంటీలు మళ్లీ కింద పెట్టేశారు. "నీకేమైనా పిచ్చా?" అని గొణిగాడు ఎవాన్. చిన్నప్పటి నుంచీ ఆయన ప్రార్థనల్ని శిక్షలా భరించింది నవోమి. నవ్వింది జోసఫిన్ ఒక్కతే. ఎవరు చేస్తే ఏంటనుకుంది, వెర్రిమొహం.

"ప్రేమగల పరలోకపు తండ్రీ!" అంటూ కృపావరం సృష్టి దగ్గర మొదలుపెట్టాడు. నోవహు ఓడ ఎక్కేసరికి పదకొండూ నలభై. తర్వాత హెచ్‌వన్‌బి వీసా లాటరీ, ఎఫ్‌వన్ వీసా పిల్లల ఇంటర్న్‌షిప్‌లు, గుంటూరు బంధువుల మోకాళ్లు. జోసఫిన్ కళ్లు తెరిచి వాచీ చూసుకుంది. వేలు ఉంగరం మీదకి వెళ్లింది, ఆగింది. పగలగొడితే తనూ పోతుంది. అంత దేశభక్తి ఆవిడ జీతంలో లేదు.

పదకొండూ యాభై ఏడు.

"చివరిగా ప్రభువా..." అన్నాడు కృపావరం.

నవోమి మధ్యలో అందుకుంది. "అంకుల్, మా ఎవాన్ గ్రీన్ కార్డ్ కోసం కూడా!"

"అవునమ్మా! తండ్రీ, ఆ ప్రయారిటీ డేట్..."

పన్నెండూ నాలుగుకి ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది ఆకలితో ఉన్న పాస్టరే. ఒక్క గొంతూ పోలేదు. నవోమి కళ్లనీళ్లతో ఎవాన్ చెయ్యి ఓసారి నొక్కి, వెళ్లి జోసఫిన్ చేతులకి బేడీలు వేసింది.

"ఇంత పొడుగు మంత్రం ఏ ల్యాబ్‌ది?" అన్నాడు చీఫ్.

"మంత్రం కాదు సార్. ఇవాళ ఆయనకి జలుబు, త్వరగా ముగించేశారు."