కత్తి చేతికివ్వకూడదు

కత్తిని నేల మీద పెట్టి వెనక్కి జరిగాడు ఎర్రిస్వామి. తీసుకోవలసిన మనిషి ముందుకు వచ్చేలోపే, పొదల చాటు నుంచి ఎవడో దొంగసచ్చినోడు ఊడిపడి, దాన్ని ఎత్తుకొని ఉడాయించాడు.

కంగారు పడకండి, ఇదంతా సెల్‌ఫోన్‌లో. మాయాకోట అని ఒక ఆట. రాక్షసులు, గుహలు, మంత్రగాళ్ళు, నూటొక్క రకాల ఆయుధాలు. అందులో నెలవంకలా వంగిన కత్తి ఒకటి ఎర్రిస్వామికి ఎన్నాళ్ళకో దొరికింది. తన దగ్గర అలాంటిది ఒకటి ఉంది కదా అని, ఈ రెండోదాన్ని తనతో జోడీగా ఆడే ‘వెండిపులి’కి ఇవ్వబోయాడు. వెండిపులి ఎవరో, ఏ దేశమో తెలియదు. అప్పటిదాకా ఇద్దరూ ఇంగ్లీషులో ‘బ్రో, బ్రో’ అనుకుంటూ ఆడుతున్నవాళ్ళే.

వెండిపులికి ఒళ్ళు మండింది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఆటలో ప్రత్యేకంగా బటన్ పెట్టి చస్తే, బంగారంలాంటి కత్తిని దారిలో పారేసే తెలివితక్కువవాణ్ణి ఎక్కడా చూడలేదని చాట్‌లో కడిగిపారేసింది. ఎర్రిస్వామికీ రోషం వచ్చింది. రోషంలో ఇంగ్లీషు ఎగిరిపోయింది.

“కత్తి చేతికిస్తే కొట్లాట వస్తాదని మా అవ్వ చెప్తాది. అందుకే కింద పెట్టినా. తప్పా?”

తెర మీద వెండిపులి బొమ్మ ఉన్నచోటే నిలబడిపోయింది. ఆట వదిలి వెళ్ళిపోయిందేమో అనుకొని అతను బిక్కచచ్చిపోయాడు. అప్పుడొచ్చింది జవాబు.

“మా అమ్మ కూడా కత్తి, ఉప్పు, సూది చేతికియ్యదు. ఏ ఊరప్పా నీది?”

ఎర్రిస్వామిది రాయదుర్గం. వెండిపులిది ధర్మవరం. పేరు సునంద. పట్టుచీరల అంచులకు కంప్యూటర్‌లో డిజైన్లు గీసే పని. అన్నాళ్ళూ పక్కనున్న మనిషిని పరదేశి అనుకొని నాలుక మడతపడేలా ఇంగ్లీషు మాట్లాడినందుకు ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వు ఆగాక మాత్రం ఎర్రిస్వామి గుండెలో దడ మొదలైంది. బ్రో కాదు, ఆడపిల్ల. అదీ బస్సెక్కితే చేరుకునేంత దూరంలో ఉన్న ఆడపిల్ల.

ఆ దడకు కారణం ఉంది. అతను జీన్స్ కుట్టే యూనిట్‌లో కటింగ్ మాస్టర్. దొంతరగా పరిచిన గుడ్డను మిషన్ కత్తితో కోసేటప్పుడు ఒకరోజు చెయ్యి జారింది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు సగానికి పోయాయి. పని పోలేదు, వేళ్ళు పోయాయి. కన్నవాళ్ళు బెళుగుప్పలో ఒక సంబంధం చూస్తే, ఆ ఇంటివాళ్ళ చూపు అతని ముఖం మీద ఎంతసేపు నిలిచిందో గానీ, చెయ్యి మీద పడ్డాక మాత్రం కదల్లేదు. కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు. ఆనాటి నుంచి ఎడమచెయ్యి జేబులోనే కాపురం పెట్టింది.

మాయాకోటలో అతను వంపు కత్తి తప్ప ఇంకోటి పట్టకపోవడానికీ అదే కారణం. నిలువు కత్తి బరువు, దానితో పాటు డాలు ఉండాలి. డాలు ఎత్తే బటన్ ఫోన్ తెర మీద ఎడమవైపు పైమూల ఉంటుంది, చూపుడువేలితో నొక్కాలి. లేని వేలితో ఎవడు నొక్కగలడు? వంపు కత్తికి ఆ బాధ లేదు. తేలిక, చురుకు. కుడి బొటనవేలితో తెర మీద అర్ధచంద్రంలా గీస్తే చాలు, గిరుక్కున తిరిగి కోసుకుంటూ పోతుంది. దెబ్బ చిన్నదే గానీ రక్తం ఆగదు. కవచం తొడిగిన రాక్షసుడు ఎదురైతే మాత్రం పనికిరాదు, తప్పుకొని బతకాల్సిందే. డాలెందుకు వాడవని తోటి ఆటగాళ్ళు అడిగితే, స్టైల్ అని చెప్పి తప్పించుకునేవాడు.

సాయంత్రం యూనిట్ వదలగానే ఆట, ఆటతో పాటు సునంద. మొదట చాట్, తరువాత మాట. అతని యుద్ధం చూసి, కోడిపుంజులా ఆ ఎగరడమేమిటని ఆటపట్టించేది. మగ్గం చప్పుడు వెనక నుంచి వినిపిస్తుంటే, తాను గీసిన కొత్త అంచులో వంపు కత్తిని మామిడిపిందెగా మార్చి దూర్చేశానని, షావుకారు కనిపెట్టలేదని చెప్పి కిలకిలా నవ్వేది. ఆ నవ్వు విన్నాక ఎర్రిస్వామికి అన్నం సయించేది కాదు. ఇష్టం పెరిగేకొద్దీ భయం పెరిగింది. ఆమె ఫోటో అడిగితే జేబులో చెయ్యి పెట్టుకొని దిగినది పంపాడు. వీడియో కాల్ చెయ్యమంటే సిగ్నల్ లేదన్నాడు. రాయదుర్గంలో సిగ్నల్ లేకపోవడం ఏమిటని ఆమె అడగలేదు. అడగకపోవడంతో అతనికి ఇంకా భయం వేసింది.

అలా ఏడాది గడిచాక ఒక సాయంత్రం ఆట మధ్యలో సునంద ఉన్నట్టుండి ఆగిపోయింది.

“అమ్మకు నీ సంగతి చెప్పినాను. ఆ పిల్లోణ్ణి ఇంటికి రమ్మను, నేను చూడల్ల అనింది. ఆదివారం వస్తావా?”

వస్తానని నోరు అనేసింది. మనసు అనలేదు. తండ్రి లేని ఇంట్లో ఆ తల్లి లక్ష్మీనరసమ్మ మాటే మాట అని సునంద ఎప్పుడో చెప్పింది. పోకపోతే సునంద మళ్ళీ మాట్లాడదు. పోతే చెయ్యి చూస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ముందే చెప్పేద్దామని ఎన్నోసార్లు ఫోన్ తీశాడు, కబురు చేస్తామన్నవాళ్ళు గుర్తొచ్చి ఎన్నోసార్లు లోపల పెట్టాడు.

ఆదివారం మండే ఎండలో ఫుల్ చేతుల చొక్కా తొడుక్కొని, కర్చీఫు చుట్టిన చెయ్యి జేబులో దోపి బస్సెక్కాడు. ధర్మవరంలో దిగేసరికి నల్లటి మేఘం ఒకటి ఊరి మీదికి వచ్చి నిలబడింది. జనం తలలెత్తి ఆశగా చూశారు. రెండు చినుకులు రాల్చి, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళలా అటూ ఇటూ చూసి, అది కాస్తా వెళ్ళిపోయింది. ఎర్రిస్వామికి అది మంచి శకునంలా అనిపించలేదు.

తలుపు తీసింది సునందే. ఫోటోలో కంటే కాస్త నల్లగా, ఫోటోలో కంటే చాలా బాగుంది. చిక్కు ఏమిటంటే, నవ్వలేదు. లోపలికి రమ్మంది, కూర్చోమంది, నీళ్ళు ఇచ్చింది, అతని జేబు వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. ఏడాదిగా గలగలా మాట్లాడిన పిల్ల ఈమేనా అనిపించింది. నేను నచ్చలేదు, ఇక అయిపోయింది అనుకున్నాడు. చెప్పుల వైపు చూపు పోయింది.

లక్ష్మీనరసమ్మ కింద కూర్చొని కర్బూజపండు ముందు పెట్టుకుంది. బస్సులో జనముండారా, మీ నాయన ఏం చేస్తాడు, అమ్మ ఆరోగ్యమెట్లుండాది అని ఒక్కొక్కటే అడిగింది. అతను ఒక్కొక్క మాటకు జవాబు చెబుతున్నాడు గానీ, చెమట మాత్రం ధారగా కారుతోంది. చెమట తుడుచుకోవడానికి కర్చీఫు కూడా లేదు. అది చేతికి చుట్టి ఉంది.

“ఆ గూట్లో కత్తి ఉండాది, అందుకో నాయనా,” అంది ఆమె.

అతను లేచాడు. కుడిచేత్తో కత్తి తీశాడు. ఆ క్షణంలో అతని బుర్రలో ఉన్నదల్లా ఎడమచెయ్యి బయటికి రాకూడదన్న ఒక్క మాటే. అవ్వ చెప్పిన మాట, వంపు కత్తి పోయిన రోజు, ఏదీ గుర్తు రాలేదు. తిన్నగా వెళ్ళి కత్తిని పెద్దామె చేతికి అందించబోయాడు.

లక్ష్మీనరసమ్మ చప్పున చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఏమప్పా, వచ్చీ రాంగానే నాకూ నీకూ కొట్లాట పెడతాండావా?”

కత్తి చేతికివ్వనని పట్టుబట్టి, ఉన్న కత్తి పోగొట్టుకున్న వీరుడు చివరికి కాబోయే అత్తకే చేతికిచ్చాడు. దిమ్మతిరిగిపోయింది. కత్తి జారింది. పడే కత్తి ఆమె కాలి మీద ఎక్కడ పడుతుందోనని ఎడమచెయ్యి జేబులోంచి తనంతట తానే దూసుకొచ్చింది. పట్టుకోబోయింది. పట్టుకునే వేళ్ళు రెండూ అక్కడ లేవు. కర్చీఫు ఒక పక్క, కత్తి ఒక పక్క పడ్డాయి.

ముగ్గురూ ఆ చేతినే చూస్తున్నారు. దాన్ని మళ్ళీ జేబులో పెట్టుకుందామనుకున్నాడు, చెయ్యి కదల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఎప్పుడైంది నాయనా?” అంది లక్ష్మీనరసమ్మ.

యూనిట్‌లో మిషన్ ఆపకుండా గుడ్డ సర్దబోయానని, తన తొందరే కారణమని తల వంచుకొని చెప్పాడు. ఆమె ఆ వేళ్ళ వైపే చూస్తూ అడిగింది.

“ఇప్పుడు నొప్పుండాదా?”

ఆ ప్రశ్న అతన్ని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. చలికి లాగుతుందని చెప్పాడు. ఆమె కింద పడిన కత్తిని తీసుకుంది. నేల మీది నుంచి తీసుకోవడానికి అభ్యంతరమేముంది? తలొంచుకొని పండు కోయడం మొదలుపెట్టింది.

సునంద మాత్రం కదల్లేదు. అతనికి వెళ్ళిపోవాలనిపించింది, చెప్పకుండా వెళ్ళిపోతే జన్మంతా బాధపడతానని కూడా అనిపించింది. ధైర్యం కూడగట్టుకున్నాడు.

“ముందే చెప్పల్సింది నేను. చెప్తే నువ్వు మాట్లాడవేమోనని భయపడినా. నాకు నువ్వంటే శానా ఇష్టం సునందా. ఇప్పుడూ భయంగానే ఉండాది.”

“నాకు ఎప్పుడో తెలుసు,” అంది సునంద.

అతను తలెత్తాడు.

“డాలు బటన్ ఎడమపక్క ఉండాది. ఇన్నాళ్ళలో నువ్వు దాన్ని ఒక్కసారి నొక్కలేదు. మొదట పొగరనుకున్నా. ఎడమపక్క నుంచి వచ్చే దెబ్బలన్నీ తింటాంటే, ఈ మనిషి చేతికి ఏదో అయింది అనుకున్నా. అప్పటినుంచీ నేను నీ ఎడమపక్కనే నిలబడి కొట్లాడతాండా. అది కూడా చూసుకోలేదా నువ్వు?”

అతను చూసుకోలేదు. ప్రతి పోరులోనూ వెండిపులి అటువైపే ఉండేది నిజమే. గుహలో, కోటగుమ్మం దగ్గర, అగ్గి కక్కే బల్లి ముందు, అన్నిచోట్లా. అది ఆమె అలవాటనుకున్నాడు.

“తెలిసి ఎందుకు అడగలేదు?”

“నువ్వు చెప్తావని చూసినా. ఫోటోలో జేబులో చెయ్యి, ఇంటికొచ్చినా జేబులోనే చెయ్యి. వేళ్ళు లెక్కపెట్టి ఇష్టపడేదాన్ననుకున్నావా నన్ను?” అంది. “అందుకే కోపం నాకు. చేతికి కాదు.”

అతను అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. సునంద వచ్చి పక్కన కూర్చుంది. తల్లి ఎదురుగానే, ఏమాత్రం జంకు లేకుండా ఆ ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. సగం వేళ్ళను తన వేళ్ళతో మూసింది. అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. అతను లాగడం మానేశాడు.

లక్ష్మీనరసమ్మ పండు ముక్కలు పళ్ళెంలో పేర్చి, వాళ్ళిద్దరినీ ఎగాదిగా చూసింది. ఈ కాలపు పిల్లలకు పెద్దలన్న బెదురే లేకుండా పోయిందని గొణిగింది. గొణుగుతూనే పళ్ళెం అతని ముందుకు జరిపింది.

“తిను ముందు. తిని మీ నాయనకు ఫోన్ కలుపు. నేను మాట్లాడల్ల.”

ఎర్రిస్వామి తినేదాకా ఆగలేకపోయాడు. ఎడమచెయ్యి సునంద దగ్గర ఉండిపోయింది కాబట్టి, కుడిచేత్తోనే తడుముకుంటూ ఫోన్ తీసి, నాయన నంబరు నొక్కాడు.